పెద్దదొర చేసిన మేలు

పూర్వం వేగివాడ అనే ఊళ్లో రాయపరాజు అనే దొర ఉండేవాడు. ఏదో పంతం పట్టి పల్లపు పొలాలకు నీళ్లొచ్చే తూము మూయించాడు. దాన్ని అలాగే ఉంచి కాలం చేశాడు. పెదకర్మనాడు అతని కొడుకు నరసరాజు ఊరందరినీ పిలిచి, "పోయినవారి గురించి మంచే మాట్లాడాలి. మా నాన్నగారిని పల్లెత్తు మాటన్నవాళ్లకు ఈ ఊళ్లో చోటు లేదు" అన్నాడు.

అందరూ తలలూపారు. పల్లంలో వరిచేను ఎండిపోతున్న గవరమ్మ మాత్రం లేచి నిలబడింది.

"చిత్తం దొరా. నా చేను ఎందుకు ఎండిందని దారిన పోయేవాళ్లు అడుగుతారు. పెద్దదొరగారు తూము మూయించారని చెప్పకూడదు కదా?"

"చెప్పకూడదు."

"అయితే తెరవమని చెప్పి మరీ పోయారంటాను. అది మంచి మాటేనా?"

"మంచి మాటే" అన్నాడు నరసరాజు అనుమానంగా.

"మరి ఎందుకు తెరుచుకోలేదంటే, కొడుకుగారు తండ్రి మాట వినలేదని చెప్పాలి. తమరు నిండు నూరేళ్లు బతకాలి గానీ, బతికున్నవారికి ఆ నియమం లేదు కదా దొరా."

వెనకాల ఎవరో నవ్వాపుకోలేక దగ్గారు. సాయంత్రానికల్లా తూము తెరుచుకుంది.

పంట చేతికొచ్చాక గవరమ్మ కొత్తబియ్యంతో పరమాన్నం వండి, పెద్దదొర పేరున ఒక ఆకులో వడ్డించి దణ్ణం పెట్టింది.

"నువ్వల్లిన మాట నువ్వే నమ్మేశావా పిన్నీ? తూము తెరిపించింది ఆయనా?" అంది పక్కింటి చిట్టెమ్మ.

"ఆయన పోబట్టే కదమ్మా తెరుచుకుంది. ఆ మేలు ఎలా మరిచిపోతాను?" అంది గవరమ్మ.