కాయల పేర్లు, కాళ్ళ ఆట

అనగనగా మెట్టవలస అనే ఊళ్ళో పసిపిల్లల బడి ఒకటుండేదే అమ్మడూ. అంగన్‌వాడీ అంటారే, అదన్నమాట. అక్కడి టీచరమ్మ పేరు కాసులమ్మ. పిల్లలంటే ఆవిడకి ప్రాణం.

కాయగూరల పేర్లు నేర్పడానికి ఆవిడో ఆట కట్టింది. పిల్లలంతా గోడవార వరసగా కాళ్ళు చాపుకుని కూర్చోవాలి. ఆవిడ మాటకొకరి మోకాలు తడుతూ, "వంకాయ, బెండకాయ, కాకరకాయ, చిక్కుడుకాయ, ముడుచుకో!" అంటుంది. 'ముడుచుకో' ఎవరిమీద పడితే వాళ్ళు కాళ్ళు ముడుచుకోవాలి, ఓడిపోయినట్టే. ఆఖరిదాకా చాపుకున్నవాళ్ళదే గెలుపు.

ఒకరోజు గంగులు, అసిరి, పైడితల్లి ముగ్గురే మిగిలారు. అప్పుడు గంగులు కూడా ఓడిపోయాడు.

ఆ తర్వాత ఏమైందనుకున్నావ్? అమ్మో, తలుచుకుంటే నాకు ఒళ్ళు జలదరిస్తుందే! గుమ్మం పక్క కన్నంలోంచి ఓ పురుగొచ్చింది. చీమా దోమా కాదే పిచ్చిమొహమా, పడగ విప్పే పురుగు! రాత్రిపూట దాని పేరెత్తకూడదు. సరసరా వచ్చి పైడితల్లి పాదాల దగ్గర ఆగింది. పిల్లల కళ్ళన్నీ టీచరమ్మ చేతిమీదే ఉన్నాయి, ఎవరూ చూడలేదు.

కాసులమ్మ ఒక్కతే చూసింది. అరిస్తే పైడితల్లి ఉలిక్కిపడి కాలు విదిలిస్తుంది. అది కాటేస్తుంది. అందుకని ఆట ఆపకుండా, అసిరి నుంచి మొదలెట్టి గబగబా, "వంకాయ, బెండకాయ, కాకరకాయ, ముడుచుకో" అని పైడితల్లి మోకాలు తట్టింది.

"తొండి! తొండి! చిక్కుడుకాయ అనలేదు నువ్వు! నేను ముడవను, పో!" అంది పైడితల్లి.

హవ్వ! మూడేళ్ళ పిల్లే! అప్పుడు ఆ పురుగు తల పైకెత్తింది.

ఇంకేం చేస్తుంది కాసులమ్మ? "అవునే తల్లీ, తప్పైపోయింది" అంది. ఎవరితో మొదలెడితే ఎవరిమీద ఆగుతుందో మనసులో లెక్కేసుకుంది. ఈసారి పైడితల్లి నుంచే మొదలెట్టింది. ప్రాణాలు ఉగ్గబట్టుకుని, ఒక్క కాయ కూడా వదలకుండా అంతా చెప్పింది. "ముడుచుకో తల్లీ. పిల్లిలాగా, మెల్లగా."

సరిగ్గా తనమీదే పడింది కదా, పైడితల్లి ఒప్పుకుంది. మూతి ముడుచుకుని, మెల్లగా కాళ్ళు వెనక్కి తీసుకుంది. అప్పుడా పురుగు పాదాలున్న చోటు మీంచే పాకి, గుమ్మం దాటి పోయింది.

కాసులమ్మ ఒక్క గెంతులో తలుపేసి, పైడితల్లిని గుండెకి హత్తుకుని భోరుమంది. పిల్ల బిత్తరపోయింది.

"ఓడిపోయింది నేనైతే, నువ్వెందుకు ఏడుస్తున్నావ్ టీచరమ్మా?" అంది.

కథ వెళ్ళె కంచికి, నిద్ర వచ్చె కంటికి!