తీతువు కాపలా

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక ఏరు. ఆ ఏటి మధ్యలో ఓ ఇసుక తిన్నె ఉండేది. ఎండలు ముదిరి నీళ్ళు తగ్గగానే, నేల మీద గుడ్లు పెట్టే పిట్టలన్నీ ఆ తిన్నె మీదికే వచ్చేవి. ఆ గుడ్లన్నిటికీ కాపలా ఒక ముసలి తీతువు.

తీతువు అరిస్తే అపశకునం అంటారు మనవాళ్ళు. పాపం, మన శకునాలతో దానికేం పని? దాని గోలంతా గుడ్ల గురించే! నక్క వస్తే రెక్క విరిగినట్టు కుంటుతూ దాన్ని దూరంగా తీసుకుపోయేది. కాకి వస్తే నెత్తి మీద పొడిచేది. పాము వస్తే అడవంతా దద్దరిల్లేలా అరిచేది. "తీతువు పెద్దమ్మ ఉండగా మనకేం భయం?" అనుకునేవి పిట్టలు.

ఒక ఏడు నడివేసవిలో, ఎక్కడో పైన వాన కురిసి ఏరు పొంగింది. తిన్నె అంచున ఉన్న గూళ్ళు తడిశాయి. మరుసటి ఏడు సగం తిన్నె మునిగింది. అప్పుడు తాబేలు తాత వచ్చాడు.

"అమ్మా తీతువూ! వానలకు వేళాపాళా లేకుండా పోయింది. వచ్చే ఏడు గుడ్లు గట్టు మీది రాళ్ళమిట్టన పెట్టించు. అక్కడికి నీళ్ళు రావు" అన్నాడు.

"మా అవ్వ కాలం నుంచీ ఇక్కడే కదా తాతా! రెండుసార్లు వచ్చిందని ఏరు ఏటా వస్తుందా?" అంది తీతువు.

నిజానికి దాని భయం వేరు. తిన్నె మీద నిలబడితే నలుదిక్కులా కనిపిస్తుంది. మిట్ట మీద అన్నీ రాళ్ళు, పొదలు. అక్కడ కాపలా తనకు కొత్త. చేతకాక నవ్వులపాలైతే? ఆ మాట పైకి చెప్పలేకపోయింది.

మూడో ఏడు, ఒక చిన్న ఇసుకపిట్ట మొదటిసారి గుడ్లు పెట్టడానికి వచ్చింది.

"తాబేలు తాత చెప్పినట్టు మిట్ట మీదికి పోనా పెద్దమ్మా?" అని అడిగింది.

"నేనుండగా నీకెందుకే దిగులు? ఇక్కడే పెట్టు" అంది తీతువు.

గుడ్లలోంచి పిల్లల కిచకిచలు వినిపించే వేళకు ఏరు వచ్చింది. తీతువు రెక్క ఈడ్చుకుంటూ కుంటింది. నీళ్ళు దాని వెంట పోలేదు. ముక్కుతో పొడిచింది. నీళ్ళు ఆగలేదు. గొంతు చించుకుని అరిచింది. ఏటికి చెవులెక్కడివి? తిన్నె మొత్తం మునిగిపోయింది.

ఇసుకపిట్ట నీళ్ళ మీద తిరిగి తిరిగి, అలసి గట్టున వాలింది.

"నువ్వున్నావనే అక్కడ పెట్టాను పెద్దమ్మా" అంది. కోపంగా అనలేదు. తిట్టినా బాగుండేదని తీతువు కుమిలి కుమిలి ఏడ్చింది.

తర్వాతి వేసవికి అందరికంటే ముందు తీతువే మిట్ట ఎక్కింది. రాళ్ళ సందుల్లో ముంగిస ఎటు నుంచి వస్తుందో తెలియక కొన్ని గూళ్ళు పోగొట్టుకుంది. సిగ్గు విడిచి, ఆ పొదల్లోనే గుడ్లు పెట్టే నెమలిని అడిగింది, నేర్చుకుంది. "తాతా, ఏరు ఎంత ఎక్కుతోందో నువ్వు చూస్తూ ఉండు. ఈ మిట్టా చాలకపోతే ఇంకా పైకి పోదాం" అంది తాబేలుతో. ఆ ఏడు చాలా పిల్లలకు రెక్కలొచ్చాయి.

ఇసుకపిట్ట కూడా వచ్చింది. దూరంగా ఓ రాతి చాటున గుడ్లు పెట్టి, తానే కాచుకుంది. తీతువును మళ్ళీ పెద్దమ్మా అని పిలవలేదు.

అయినా తీతువు రోజూ ఆ రాయి కనిపించే చోటే నిలబడింది.

నీతి: ప్రాణం పెట్టి కాపాడితే చాలదు; కాలం మారినప్పుడు కాపాడే తీరూ మార్చుకోవాలి.