చివరి వరస వంతు

అనగనగా ఒక ఇప్పల అడవిలో, ఏటి ఒడ్డున, జంతువుల పిల్లలు చదువుకునే బడి ఒకటి ఉండేదర్రా. నాలుగు వెదురు గుంజలు, పైన తాటాకు కప్పు. అంతే బడి. పంతులు పేరు సింగన్న. బారెడు తోక, బూడిద రంగు ఒళ్లు. పట్టిన పట్టు విడవని మనిషి. అదే, పట్టు విడవని కొండముచ్చు.

బడి ముందు చెట్టుకు ఒక ఇనప పట్టా వేలాడుతూ ఉండేది. ఎప్పుడో ఆ దారిన పోయిన ఎడ్లబండి చక్రం నుంచి ఊడిపడిన పట్టా అది. అదే బడి గంట. ఒక్క దెబ్బ కొడితే బడి మొదలు. రెండు దెబ్బలు కొడితే తిండివేళ. ఆపకుండా కొడితే ఆపద వచ్చిందని, అందరూ ఏటికి పరుగెత్తాలని.

ఆ పట్టాను ఎలా పడితే అలా కొడితే మోగదు. మధ్యలో కొడితే తడి గోనెసంచిని కొట్టినట్టు ఉంటుంది. కర్రను వదులుగా పట్టుకుని కింది అంచు మీద కొట్టాలి. అప్పుడు కొండ అవతలికి కూడా వినిపిస్తుంది. ఏ రోజు ఎవరి వంతు అయితే వాళ్లకు, ఆ పొద్దున్నే మిగతావాళ్లు రాకముందే పక్కన నిలబడి సింగన్న ఈ కిటుకు నేర్పేవాడు.

బడిలో నలభైమంది పిల్లలు. ముందు వరసలో తెల్లవాళ్లు, అంటే కుందేళ్లు, కొంగపిల్లలు. మధ్య వరసల్లో గోధుమరంగు వాళ్లు, అంటే జింకలు, ఉడుతలు. చివరి వరసలో నల్లవాళ్లు, అంటే కాకులు, ఎలుగులు. ఆ చివరివాళ్లు పదకొండుమంది. ఈ వరసలు సింగన్న పెట్టినవి కావు. అతనికి ముందున్న కొంగ పంతులు పెట్టినవి. ఎందుకు పెట్టాడో ఆయన చెప్పలేదు, సింగన్న అడగలేదు.

గంట కొట్టే వంతు ముందు వరసలో మొదలై, రోజుకొకరి చొప్పున వెనక్కి వెళ్లేది. అమావాస్యనాడు బడికి సెలవు. సెలవు మర్నాడు వంతు మళ్లీ ముందు వరస నుంచి మొదలు. ఇదీ కొంగ పంతులు పెట్టిందే.

చివరి వరసలో నూకాలు అనే కాకిపిల్ల ఉండేది. ఒకరోజు అది సింగన్న దగ్గరికి వచ్చి నిలబడింది.

"పంతులుగారూ, గంట కొట్టే వంతు నాకు ఎప్పుడు వస్తుందండీ?"

"వస్తుందమ్మా. వరసలోనే ఉన్నావుగా," అన్నాడు సింగన్న.

నెల తిరిగింది. ఈసారి దాలయ్య అనే ఎలుగుపిల్ల వచ్చాడు. ఒళ్లంతా గోక్కుంటూ అడిగాడు.

"పంతులుగారూ, మాకు గంట కొట్టడం రాదనుకుంటున్నారా?"

"నేనెప్పుడన్నానురా అలాగ? నీకు వంతు లేదన్నానా?"

"అనలేదండి."

"మరింకేం? వెళ్లి కూర్చో."

దాలయ్య వెళ్లి కూర్చున్నాడు. సింగన్నకు మాత్రం మనసులో ఏదో తిరకాసుగా ఉంది. వీళ్లను ఎవరైనా వద్దన్నారా? లేదు. తను వద్దన్నాడా? లేదు. మరి వీళ్లెందుకు అడుగుతున్నారు?

ఇంకో నెల తిరిగేసరికి నూకాలు తల్లి వచ్చి కప్పు మీద వాలింది.

"మా పిల్ల బడిలో చేరి రెండేళ్లయింది పంతులూ. ఒక్కసారీ ఆ కర్ర పట్టుకోలేదట."

"నా బడిలో తేడాలు లేవమ్మా. వంతు అందరికీ ఒకటే. నేను ఎవరినీ వద్దనలేదు."

"వద్దనలేదు, నిజమే," అంది తల్లికాకి. "రమ్మని కూడా అనలేదు కదా."

అని ఎగిరిపోయింది. సింగన్న తోక చివర పట్టుకుని చాలాసేపు ఆలోచించాడు. ఆమె మాటలో తప్పేమిటో అతనికి దొరకలేదు. తన మాటలో తప్పేమిటో కూడా దొరకలేదు. రెండూ నిజం ఎలా అవుతాయి? బుర్ర వేడెక్కింది. చివరికి, పెద్దవాళ్లు పెట్టిన పద్ధతి మార్చడానికి నేనెవర్ని అనుకుని లేచాడు. అక్కడ చేశాడర్రా తప్పు.

ఎండాకాలం వచ్చింది. ఇప్పచెట్ల కింద ఆకులు ఎండి గలగలలాడుతున్నాయి. ఒక మధ్యాహ్నం పిల్లలు తిని పడుకున్నారు. సింగన్న ఏటి అవతల మామిడికొమ్మ మీద కునుకు తీస్తున్నాడు. ఆ రోజు గంట వంతు ఒక ఉడుతపిల్లది. దానికి కడుపునొప్పి వచ్చి ఇంటికి పోయింది.

నూకాలుకు నిద్ర పట్టలేదు. చెట్టు కొసకు ఎగిరి కూర్చుంది. అడవి దక్షిణం వైపు పొగ కనిపించింది. పొగ కింద ఎర్రగా మంట. గాలి ఇటే వీస్తోంది.

నూకాలు కిందికి దూకింది. కర్రను ముక్కుతో పట్టుకుని పట్టాను కొట్టింది. మధ్యలో కొట్టింది. డబ్ మంది. ఇంకోసారి కొట్టింది. డబ్ మంది. ముందు వరసలో పున్నమ్మ అనే తెల్లకుందేలు ఒక కన్ను తెరిచింది.

"ఇవాళ నీ వంతు కాదుగా. కర్ర అక్కడ పెట్టెయ్. పంతులుగారు కోప్పడతారు."

"పొగ వస్తోందే పున్నమ్మా."

"నాకేం కనపడట్లేదే," అంది పున్నమ్మ. కన్ను మళ్లీ మూసుకుంది.

నూకాలు మూడోసారి కొట్టింది. అదే డబ్. ఇక కర్ర వదిలేసి ఏటి మీదుగా ఎగిరి, సింగన్న చెవిలో అరిచింది. సింగన్న కొమ్మలు పట్టుకుని ఊగుతూ వచ్చి పడ్డాడు. కర్ర అందుకుని ఆపకుండా కొట్టాడు. పిల్లలు లేచి పరుగెత్తారు. అప్పటికి మంట బడి పక్కకు వచ్చేసింది. కాలిన గడ్డి మీద పడుతూ, మసిలో పొర్లుతూ, దగ్గుతూ ఏట్లో పడ్డారు. వాళ్ల వెనక తాటాకు కప్పు భగ్గుమంది.

అవతలి ఒడ్డెక్కాక సింగన్న పిల్లల వైపు తిరిగి చూశాడు. నలభైమందీ ఉన్నారా? ఉడుత ఇంటి దగ్గర ఉంది. మిగతా ముప్పైతొమ్మిదిమంది ఉండాలి.

"వరసల్లో నిలబడండి. లెక్కపెడతాను."

పిల్లలు కదల్లేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కుందేలు నల్లగా ఉంది. కొంగ నల్లగా ఉంది. జింక నల్లగా ఉంది. నీళ్లకు మసి ఇంకా జిగటగా అంటుకుంది.

"పంతులుగారూ," అంది పున్నమ్మ. దాని చెవి కొస కాలి వంకరపోయింది. "నేనిప్పుడు ఏ వరసలో నిలబడాలండీ?"

సింగన్న అందరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. పున్నమ్మ తనే వెళ్లి దాలయ్య పక్కన నిలబడింది. దాని వెనక కొంగపిల్లలు వెళ్లారు. జింకపిల్లలు వెళ్లారు. అందరూ చివరి వరసే అయ్యారు. ముందు వరసలో ఎవరూ లేరు.

"ఇంకేం," అన్నాడు దాలయ్య. "ఇక బడిలో ఎవరికీ వంతు రాదు."

సింగన్న లెక్కపెట్టాడు. ముప్పైతొమ్మిదిమందీ ఉన్నారు. మొహం కడుక్కుందామని నీళ్ల మీదికి వంగాడు. నీళ్లలో నల్లటి మొహం కనపడింది. రుద్దాడు. పోలేదు. గట్టిగా రుద్దాడు.

"ఈ మసి వదలదేమిటర్రా?"

"అది మసి కాదండీ," అంది నూకాలు మెల్లగా. "మీ మొహమే అంత."

సింగన్న చెయ్యి ఆగిపోయింది. ఈ మొహంతో తను ఇన్నేళ్లు ఎవరిని చివర కూర్చోబెడుతున్నాడు? ఎందుకు?

"నూకాలూ, ముందే గంట ఎందుకు కొట్టలేదమ్మా?"

"కొట్టానండీ. మూడుసార్లు కొట్టాను. మోగలేదు. ఎలా కొట్టాలో వంతు వచ్చినవాళ్లకే కదా చెబుతారు."

సింగన్న ఏటి ఇసుకలో చతికిలబడ్డాడు. నలభై గులకరాళ్లు ఏరి వరసగా పేర్చాడు. అమావాస్యకూ అమావాస్యకూ మధ్య ఇరవై తొమ్మిది రోజులు. రోజుకొక రాయి పక్కకు జరిపాడు. ఇరవై తొమ్మిది జరిగాయి. ఇటు వైపు పదకొండు మిగిలాయి. మళ్లీ పేర్చాడు. మళ్లీ జరిపాడు. మళ్లీ పదకొండే. మూడోసారి పేర్చబోతుంటే దాలయ్య అన్నాడు.

"ఎన్నిసార్లు చేసినా అంతేనండీ. మేం రెండేళ్లు చేసి చూశాం."

సింగన్న ఆ పదకొండు రాళ్లు తీసి, అన్నిటికన్నా ముందు పెట్టాడు.

"రేపటి నుంచి గంట వీళ్లు కొడతారు. అమావాస్యకు వంతు మళ్లీ మొదటికి పోదు. ఆగినచోటి నుంచే మొదలవుతుంది. కొత్త కప్పు కింద వరసలు ఉండవు. ఎవరికి ఇష్టమైన చోట వాళ్లు కూర్చోండి."

"మరి మా వంతు ఆలస్యం అవుతుందిగా," అంది పున్నమ్మ.

"అవుతుంది. పదకొండు రోజులు."

పున్నమ్మ కాలిన చెవి తడుముకుంది. "నూకాలు ఎన్నాళ్లు ఆగింది?"

"రెండేళ్లు."

పున్నమ్మ చెవి వదిలి, ముందున్న ఆ పదకొండు రాళ్లనూ సరిగ్గా సర్దింది.

బడి కాలిపోయింది కాని ఇనప పట్టా కాలలేదు. మర్నాడు దాన్ని ఏటి ఒడ్డున మామిడికొమ్మకు కట్టారు. నూకాలు కర్ర పట్టుకుంది. సింగన్న పక్కన నిలబడ్డాడు. మొదటి దెబ్బ డబ్ మంది. ఎవరూ నవ్వలేదు.

"వదులుగా పట్టుకో. కింది అంచు మీద."

రెండో దెబ్బకు పట్టా ఖణేల్మంది. ఆ మోత ఏరు దాటింది, కొండ దాటింది. ఎక్కడో దూరంగా తల్లికాకి బదులు పలికింది.

"ఒక్క దెబ్బే కదండీ కొట్టాలి," అంది నూకాలు. "రెండు కొట్టేశాను. తిండివేళ అనుకుంటారేమో."

"అనుకోనీ," అన్నాడు సింగన్న. ఆ రోజు పిల్లలు ముందు తిన్నారు, తర్వాత చదువుకున్నారు. నేను ఎవరినీ వద్దనలేదు అనే మాట సింగన్న మళ్లీ ఎప్పుడూ అనలేదు.

నీతి: ఎవరినీ వద్దనకపోతే చాలదు. రంగు ఏదైనా, అందరికీ వంతు అందుతోందో లేదో చూసేదే సమానమైన బడి.