నాలుగు గుంతల సున్నం

నువ్వే. వెనక కూర్చుని తల ఊపుతున్నవాడివి. మాట సగంలో ఉండగానే ‘తెలిసింది, తెలిసింది’ అంటావు. తెలిసిందని నోటితో అనడం ఎవడికైనా వస్తుంది. నీ చేతికి తెలిసిందా అని అడుగుతున్నాను. సిగ్గుంటే ఈ కథ చివరిదాకా విను. మధ్యలో తల ఊపకు.

ఒక గుట్ట మీద మఠం ఉండేది. మరుళయ్యస్వామి దానికి పెద్ద. ఆయన శిష్యుల్లో పర్వతయ్య లెక్కల్లో గట్టివాడు. గుట్టెక్కి వచ్చినవాళ్లు అతన్ని ఆపి మరీ అడిగేవాళ్లు.

“ఒకడు గోడ ఆరు రోజుల్లో కడతాడు. ఇంకొకడు మూడు రోజుల్లో కడతాడు. ఇద్దరూ కలిస్తే?”

“రెండు రోజులు.”

“అయిదు ఘడియలంటే ఎన్ని గంటలయ్యా?”

“రెండు గంటలు. రెండున్నర ఘడియలకు ఒక గంట. కాస్త కష్టమైనది అడగండి, నిద్ర వస్తోంది.”

వాళ్లు నవ్వేవాళ్లు. పర్వతయ్య నవ్వేవాడు కాదు. తనకు రావలసిన మర్యాద తనకు వచ్చిందన్నట్టు నిలబడేవాడు.

గుట్ట మీద రాతిలో ఒక దొన ఉంది. వానాకాలంలో అది నిండితే మఠానికీ, గుట్ట కింది గూడేనికీ, అక్కడి గొడ్లకూ ఏడాది పొడుగునా అవే నీళ్లు. దొనకు ఒక పక్క రాతి గోడ కట్టి, సున్నంతో గార చేశారు. ఆ గార పాతబడి పెచ్చులు ఊడుతోంది. ఆ వేసవిలో స్వామి పర్వతయ్యను పిలిచాడు.

“పెద్ద వానలకు ఇంకా రెండు నెలలుంది. తొందరేమీ లేదు. సున్నం గుంతలో వేసి, నీళ్లు పెట్టి, మండలం మగ్గనివ్వు. నలభై రోజులు నిండాక గార చెయ్యి. పని సరిగ్గా అయితే కింది మఠం నీకు అప్పగిస్తాను. వాళ్లు అయ్యవారు కావాలని అడుగుతున్నారు.”

పర్వతయ్య ఆ రాత్రంతా కింది మఠం గురించే ఆలోచించాడు. తెల్లారేసరికి పలుగు పట్టుకుని నాలుగు గుంతలు తవ్వాడు. చిన్న గుంతలు. రాతినేల, చేతులు బొబ్బలెక్కాయి. అయినా ఆగలేదు.

శాంతప్ప కూడా స్వామి శిష్యుడే, అతనికంటే చిన్నవాడు. చూసి ఆశ్చర్యపోయాడు.

“ఒక్క గుంత చాలు కదన్నా?”

“ఒక్క గుంతలో మండలం పడుతుంది. నాలుగు గుంతల్లో పంచితే గుంతకు పావువంతు సున్నమే. పావువంతు సున్నానికి పావు మండలం చాలు. పది రోజులు. లెక్క రాదా నీకు?”

“రాదన్నా. అందుకే అడిగాను.”

స్వామి వచ్చి గుంతలు చూశాడు. పర్వతయ్య ఆ లెక్కే ఆయనకూ చెప్పాడు. సాయంత్రం స్వామి అతన్ని నీళ్ల గంగాళం దగ్గరికి పిలిచాడు.

ఆ మఠంలో పొద్దు కొలిచేది రాగి గిన్నెతో. గిన్నె అడుగున సన్నని చిల్లి ఉంటుంది. నీళ్ల మీద వదిలితే సరిగ్గా ఘడియకు నిండి మునుగుతుంది. అప్పుడు గంట కొడతారు. అలాంటి గిన్నెలు మఠంలో నాలుగున్నాయి. స్వామి నాలుగింటినీ ఒక్కసారే నీళ్ల మీద వదిలాడు.

“ఒక్క గిన్నె ఘడియకు మునుగుతుంది. నాలుగు వదిలాను. ఎంతసేపటికి మునుగుతాయి?”

పర్వతయ్యకు నవ్వు వచ్చింది.

“ఘడియకే స్వామీ. నాలుగూ ఘడియకే. ఇందులో చిక్కేముంది?”

“చిక్కేమీ లేదా?”

“లేదు స్వామీ. తెలిసింది.”

ఇద్దరూ కూర్చున్నారు. నాలుగు గిన్నెలూ నిండి, ఒకదాని వెనక ఒకటి బుడుంగుమని మునిగాయి. స్వామి లేచి గంట కొట్టాడు. మర్నాడు ఆయన ఊళ్లలో ఉన్న శిష్యులను చూడడానికి బయలుదేరాడు. మెట్ల దగ్గర ఒక్కసారి వెనక్కి తిరిగాడు.

“పర్వతయ్యా, తెలిసింది కదా?”

“తెలిసింది స్వామీ.”

పదకొండో రోజు పొద్దున్నే పర్వతయ్య గుంతల్లోంచి సున్నం తీశాడు. శాంతప్ప అడ్డం నిలబడ్డాడు.

“స్వామి మండలం అన్నారన్నా.”

“ఒక గుంతకు అన్నారు. తప్పుకో.”

“మరి గిన్నెలు?”

“గిన్నెలు గిన్నెలు. సున్నం సున్నం. పక్కకు తప్పుకుని ఇసుక జల్లించు.”

సున్నం గానుగలో వేసి నూరించాడు. ఒక్కడే గోడంతా గార చేశాడు. నడుము పట్టేసినా తాపీ వదల్లేదు. గార తెల్లగా, అద్దంలా వచ్చింది. గూడెం నుంచి జనం వచ్చి చూసి మెచ్చుకున్నారు. పని అయిపోయిందని కింది మఠానికి కబురు కూడా తనే పంపాడు.

వాన పడింది. దొన అంచుదాకా నిండింది.

మూడో రోజు నీటి అంచున గార మీద చిన్న పొక్కు లేచింది. పర్వతయ్య వేలితో నొక్కి సరిచేశాడు. మర్నాటికి గోడంతా పొక్కులే. మగ్గని సున్నంలో పలుకులుంటాయి. అవి గోడలో ఉండి నీళ్లు తాగాయి, ఉబ్బాయి, పగిలాయి. గార పెచ్చులు పెచ్చులుగా ఊడింది. అతను మట్టి మెత్తాడు, గోనెలు కుక్కాడు. అతని కళ్లముందే నీళ్లు రాళ్ల సందుల్లోంచి గుట్ట దిగిపోయాయి.

సున్నం అంతా అయిపోయింది. కొత్త సున్నం తెచ్చి గుంతలో వేశారు. ఈసారి ఒక్క గుంతే. అది మగ్గేలోగా ఆ ఏడాది వానలు వెళ్లిపోయాయి.

గూడెం నుంచి ఈరమ్మ ఖాళీ కుండతో వచ్చి దొనలోకి తొంగి చూసింది.

“ఏమయ్యా లెక్కల అయ్యవారూ, మా గొడ్లు ఎన్ని రోజులు దాహానికి ఆగాలో అది కూడా చెప్పు, విని పోతాను.”



స్వామి తిరిగివచ్చాడు. ఎండిపోయిన దొనలోకి దిగాడు. ఊడిపడిన పెచ్చు ఒకటి తీసి చిదిమాడు. లోపల శనగగింజంత తెల్లటి పలుకు ఉంది. దాన్ని బండ మీద పెట్టి, కమండలంలోంచి నాలుగు చుక్కలు పోశాడు. పలుకు సుర్రుమంది, పొగ చిమ్మింది, పగిలి పిండైంది.

“పాపం,” అన్నాడు స్వామి. “దీనికి లెక్కలు రావు.”

కింది మఠం వాళ్లు వచ్చినప్పుడు శాంతప్పను వాళ్ల వెంట పంపాడు.

ఆ సాయంత్రం పర్వతయ్య ఎవరూ చెప్పకుండానే కావడి ఎత్తుకున్నాడు. గుట్టకు అవతల లోయలో ఒక్క చెలమ ఉంది. అక్కడి నుంచి ముందు గూడేనికి, తరువాత మఠానికి నీళ్లు మోశాడు. మఠంలో మిగిలినవాళ్లు సాయం వస్తామన్నారు. అతను కావడి దించలేదు.

ఎండలు ముదిరాయి. ఒక రోజు, ఇదివరకు తనతో లెక్కలాడిన బాటసారి ఒకడు మెట్ల మీద ఎదురుపడ్డాడు. జరిగింది అతనికి తెలియదు, గూడెంలో నీళ్లు పోసి వస్తుండగా మాత్రం చూశాడు.

“అయ్యా, కష్టమైనది తెచ్చాను. ఒక మనిషి, ఒక కావడి. ఒక గూడెం, ఒక మఠం. ఎన్నాళ్లు మోస్తే పని అయిపోతుంది?”

పర్వతయ్య కావడి ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నాడు.

“వాన పడేదాకా,” అని పైకి నడిచాడు.

మళ్లీ వానలు పడ్డాయి. మండలం మగ్గిన గార నిలిచింది, దొన నిండింది. కావడి దించాడు. రెండు భుజాల మీదా కాసిన కాయలు మాత్రం అతను బతికినన్నాళ్లూ కరగలేదు. కింది మఠం నుంచి అతనికి పిలుపు రాలేదు.