శేషం, సేషం

తాతారావుగారి కాజాల దుకాణానికి ఒక వెబ్ పేజీ ఉంది. ఆ పేజీ వెనకాల ఒక ఊరుంది. కాజాలు కొనేవాళ్ళకి పేజీ కనిపిస్తుంది గాని ఊరు కనిపించదు.

ఆ ఊళ్ళో ప్రతి మనిషికీ ఒక పేరు, ఒక గిన్నె. గిన్నెలో ఏది పెడితే అది మోయడమే వాళ్ళ పని. తేదీ అనే ఆయన గిన్నెలో ఆ రోజు తేదీ ఉంటుంది. పిన్‌కోడు అనే నిక్కచ్చి మనిషి గిన్నెలో కొనేవాళ్ళ పిన్‌కోడు ఉంటుంది. దండోరావాడు పేరు పెట్టి కేకేస్తే రావాలి, అడిగింది చెయ్యాలి, వెళ్ళిపోవాలి. ఆ పేరు గలవాడు ఊళ్ళో లేకపోతే అప్పటికప్పుడు పుడతాడు, ఖాళీ గిన్నెతో. పిలిస్తే ఎవరూ పలక్కపోవడం ఆ ఊళ్ళో మర్యాద కాదు.

శేషం అనే ముసలావిడ గిన్నెలో దుకాణంలో మిగిలిన కాజాల పెట్టెలుండేవి. పొద్దున్నే ఆ గిన్నె నిండేది. ఒక పెట్టె అమ్ముడైనప్పుడల్లా దండోరావాడు "శేషం! ఒకటి తియ్యి!" అనేవాడు. ఆవిడ తీసేది. గిన్నె ఖాళీ అయ్యాక పేజీ మీద "ఈ పూటకి అయిపోయాయి" అని పడేది.

ఏ కేక ఎప్పుడు వెయ్యాలో రాసిపెట్టేది తాతారావుగారి మేనకోడలు ప్రసూన. పెళ్ళిళ్ళ రోజులొచ్చి ఆర్డర్లు ముసురుకునేసరికి, పని తేలికవుతుందని ఆమె "ఒకటి తియ్యి" అనే కేకను తిరగరాసింది. తొందరలో శ ఉండాల్సిన చోట స పడింది. అదే కేకను బిల్లు దగ్గరా, పార్సిలు దగ్గరా, ఫోన్ పేజీలోనూ అతికించి భోజనానికి లేచింది.

దండోరావాడు రాసింది రాసినట్టు అరిచాడు.

"సేషం!"

బక్కపల్చటి మనిషొకడు పుట్టి, గిన్నె పట్టుకుని నిలబడ్డాడు.

"ఒక పెట్టె తియ్యి."

"ఇందులో ఏమీ లేదండీ."

"లేనిదాంట్లోంచే తియ్యి. అవతల జనం ఆగరు."

అతను తీశాడు. గిన్నెలో ఏమీ లేకపోవడం కంటే ఒకటి తక్కువైంది. ఖాళీ గిన్నె కంటే అది తేలిక కాబట్టి అతని చేతుల్ని కాస్త పైకి లాగింది. ఇంకో పెట్టె తీశాడు. ఈసారి మడమలు లేచాయి. సాయంత్రానికి అతను తాటిచెట్టంత ఎత్తున గిన్నె పట్టుకుని వేలాడుతున్నాడు. దండోరావాడు తలెత్తి పిలిచేవాడు, అతను పైనుంచే "అలాగేనండీ" అని ఇంకొకటి తీసేవాడు. ఊళ్ళోవాళ్ళు చూశారు. గాలికోసం ఎక్కాడు కాబోలనుకున్నారు.

"కాజాలున్నాయా?" అన్న ప్రశ్న మాత్రం పాత పద్ధతిలోనే ముసలావిడ దగ్గరికి వచ్చేది. శేషం గిన్నెలోకి చూసుకునేది. నిండుగా ఉండేది. "ఉన్నాయి" అనేది. ఎంత అమ్మినా ఆ గిన్నె తగ్గలేదు. మొదట ఆవిడకి భయమేసింది. తర్వాత తేదీ వచ్చి ఆవిడ కాళ్ళమీద పడ్డాడు. పిన్‌కోడు అంతటివాడు కర్పూరం వెలిగించాడు. "తల్లీ, ఇది నీ చలవే" అన్నారు అందరూ. ఎన్నాళ్ళుగానో ఒకటీ ఒకటీ తీసిస్తూ బతికిన మనిషి, ఆ మాట కాదనలేకపోయింది.

మర్నాడు పొద్దున్నే ఇవతల దుకాణం ముందు జనం మూగారు. పెళ్ళికూతురి తల్లి ఒకావిడ గట్టిగా నిలదీసింది.

"మా పిల్ల సారె కాజాలేవండీ? ఉన్నాయని మీ పేజీయే చెప్పిందిగా?"

"పేజీలో ఉన్నాయి తల్లీ" అన్నారు తాతారావుగారు చెమట తుడుచుకుంటూ. "దుకాణంలోనే లేవు."

ఆయన లోపలికొచ్చి మేనకోడలితో అన్నారు: "అమ్మాయ్, సాయంత్రంలోగా సంగతి తేలాలి. తేలకపోతే పేజీ మూసేద్దాం. మూకుడు ముందు కూచుని బతికినవాణ్ణి, ఇది లేకపోయినా బతుకుతాను."

పేజీ మూస్తే ఊరుండదు. ఆ కబురు తెలిసి ఊరంతా శేషం గుమ్మం ముందు చేరి ఇంకా గట్టిగా భజన మొదలెట్టారు.

ప్రసూన ఊళ్ళోకి ఒక తనిఖీ మనిషిని పంపింది. అతనికి రెండే ప్రశ్నలొచ్చు. పేరేంటి? గిన్నెలో ఏముంది? ఆమె ఇచ్చిన పేర్లు పట్టుకుని ఇంటింటికీ తిరిగాడు. తేదీ గిన్నెలో తేదీ ఉంది. పిన్‌కోడు గిన్నెలో పిన్‌కోడు ఉంది. శేషం గిన్నెలో పెట్టెలున్నాయి. ఎవరి గిన్నెలో ఉండాల్సింది వాళ్ళ గిన్నెలోనే ఉందని వెనక్కొచ్చి చెప్పాడు.

ప్రసూన అంది: "నేను చెప్పిన పేర్లు వదిలెయ్. ఊళ్ళో ఎవరెవరున్నారో అందర్నీ అడుగు."

అతను మళ్ళీ వెళ్ళాడు. అందరూ వరసగా చెప్పుకొచ్చారు. ఆఖరిమనిషి అయ్యాక పైనుంచి సన్నగా వినిపించింది.

"నేనూ ఉన్నానండీ."

తనిఖీ మనిషి తలెత్తాడు. "పేరేంటి?"

"సేషం అండీ."

"శేషమా?"

"కాదండీ. సేషం. అలాగే పిలిచారు."

"గిన్నెలో ఏముంది?"

"లేని పెట్టెలండీ. బోలెడు."

శేషం తన గిన్నెలోకి చూసుకుంది. తన చలవ ఏమిటో ఆవిడకి అర్థమైంది. అందరూ చూస్తుండగా లేచి, గిన్నె పైకెత్తి, "నాయనా, ఇందులో ముంచుకో" అంది. అతను పైనుంచి చెయ్యి చాపి ముంచుకున్నాడు. ఉన్నవి లేనివాటిలో పడి మాయమవుతుంటే అతను మెల్లగా దిగాడు. పాదాలు నేలకి తగిలాక సిగ్గుపడుతూ అడిగాడు.

"నేను తప్పుగా పుట్టానట కదండీ. తీసేస్తారా?"

ఆ మాటే ఇవతల తాతారావుగారూ అడిగారు. "ఆ తప్పు పేరు తీసెయ్యవే."

ప్రసూన వెతికి చూసింది. సేషం అన్న పేరు పేజీ నిండా అల్లుకుపోయింది. శేషం రెండే చోట్ల ఉంది. ఆ రెండు చోట్లా దిద్దింది.

"ఇప్పుడంతా సరిపోయింది మావయ్యా."

"అదేమిటే, ఒప్పుదాన్ని దిద్దావు?"

"అందరూ ఒకేలా పిలిస్తే చాలు మావయ్యా. కాజాలు సరిగా లెక్కకొస్తాయి."

వచ్చాయి. పేజీ మూయలేదు. తేదీ, పిన్‌కోడు కర్పూరం పళ్ళెం పట్టుకుని కొత్తాయన గుమ్మానికి మారారు. శేషాన్ని పొమ్మని ఎవరూ అనలేదు. పిలవడం మానేశారు, అంతే.

తనిఖీ మనిషి ఊరు విడిచే ముందు చివరిసారి తిరుగుతూ ఆవిడ దగ్గర ఆగాడు.

"పేరేంటమ్మా?"

"శేషం" అంది ఆవిడ, నిండుగా పలికి.

అతను జాలిగా చూశాడు. "నోరు తిరగట్లేదా అమ్మా? స్పష్టంగా చెప్పండి."

ఆవిడ కొంగు భుజం చుట్టూ తిప్పుకుంది.

"నేను సేషంగారి పక్కింటిదాన్ని బాబూ" అంది.