నూకమ్మ అడిగిన రోజు

"ఇకమీద నా రేవుల్లో ఏ ఆడదాని నోరూ చూసే దిక్కులేక పుచ్చిపోదు. వైద్యుణ్ణి మీ గుమ్మాల్లోకే పంపుతాను. చూడవలసింది చూస్తాడు, చేయవలసింది చేస్తాడు. ఇది నా మాట."

ఈ మాట అన్నది ఒక రాజు. పట్టం కట్టుకున్ననాడు, కోట బురుజు మీద నిలబడి, చెయ్యెత్తి అన్నాడు. విన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. డప్పులవాళ్లు ఆ మాటను ఊరూరా తిప్పారు. ఆ మాట ఏమైందో చెప్పే కథ ఇది. సముద్రం ఇప్పటికంటే ఒక కేక దూరం వెనక్కి ఉండే రోజుల కథ. పెద్దలు ఇసుకలో కూర్చుని చెప్పారు, మేం ఇసుకలో కూర్చుని విన్నాం. మీరూ కూర్చోండి.

ఆ రాజ్యానికి తూర్పున వరసగా రేవులుండేవి. అందులో ఒకటి వాడపాలెం. మగవాళ్లు తెప్పల మీద వేటకు పోయేవారు. ఆడవాళ్లు చేపల గంపలు నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగేవారు. ఆ ఆడవాళ్లకు చుట్ట కాల్చే అలవాటు ఉండేది. అందరూ కాల్చినట్టు కాదు. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని, పెదాలు మూసి కాల్చేవారు. అడ్డపొగ అంటారు దాన్ని. సముద్రపు గాలికి చుట్ట ఊరికే ఆరిపోతుంది. రెండు చేతులూ గంప మీద ఉంటే మళ్లీ వెలిగించేదెవరు? అందుకని నిప్పును నోట్లోనే దాచుకునేవారు.

నిప్పు నోట్లో ఉంటే అంగిలి తెల్లబడుతుంది. ఆ తెలుపును చూసి వాళ్లు ఏమనుకునేవారో తెలుసా? బూడిద అనుకునేవారు. "బూడిదే కదా, పుక్కిలిస్తే పోద్ది" అనేవారు. పుక్కిలించినా పోయేది కాదు. పోకపోతే దాన్నే గొప్పగా చెప్పుకునేవారు. "మా అత్త అంగిలి సున్నం కొట్టిన గోడలాగుంటాది. అంత పాటుపడిందమ్మా!" అనేవారు. తెల్లటి అంగిలి పనిమంతురాలి గుర్తు. కొన్నేళ్లకు ఆ తెలుపు గట్టిపడేది. గట్టిపడ్డది పుండయ్యేది. గంజి కూడా మింగలేక మనిషి పోయేది. "గంగమ్మ పిలిచింది" అని ఊరుకునేవారు.

రాజును పెంచిన దాది ఆ రేవుల మనిషే. ఆమె కూడా అలాగే పోయింది. అందుకే రాజు ఆ మాట అన్నాడు. ఏడుస్తూ అన్నాడని కూడా చెబుతారు. ఏడ్చే ఉండొచ్చు. కన్నీళ్లతో వైద్యశాల నడవదు. ఏళ్లు గడిచాయి. వాడపాలెం ఇసుకలో వైద్యుడి అడుగు ఒక్కటి పడలేదు.

వాడపాలెంలో నూకమ్మ ఉండేది. ఎండు చేపలు అమ్ముకునేది. పొట్టి మనిషి, పెద్ద గొంతు. మొగుణ్ణి సముద్రం తీసుకుంది. కొడుకు, కోడలు దానమ్మ, తను. అంతే ఇల్లు. ఆమె తోడికోడలు అసిరమ్మ ఆ పుండుతోనే పోయింది. మాట పడిపోయాక ఒకనాడు అసిరమ్మ నోరు తెరిచి, పుండు మొదట ఎక్కడ పుట్టిందో నూకమ్మకు వేలితో చూపించింది. ముందు పళ్ల వెనక, అంగిలి మధ్యన. నూకమ్మ ఆ చోటును మరిచిపోలేదు.

ఒక పొద్దున్న అత్తాకోడళ్లు ఇసుకలో చేపలు ఆరబోస్తున్నారు. దానమ్మ ఆవలించింది. పొద్దు ఎదురుగా ఉంది. వెలుగు తిన్నగా నోట్లో పడింది. నూకమ్మ చేతిలో చేప జారిపోయింది.

"వొలే గుంటా, మళ్లీ ఆవలించు."

"ఏటత్తా, నీ పులుసులో ముక్క నేనే తినేశానని సూత్తన్నావా?"

"ముక్క సంగతి తరవాత సూత్తాను. ముందు నోరు తెరువు."

తెరిచింది. ముందు పళ్ల వెనక, అంగిలి మధ్యన, తెల్లటి మచ్చ.

"బూడిదత్తా" అంది దానమ్మ.

"పుక్కిలించు."

ఉప్పునీళ్లతో పుక్కిలించింది. మచ్చ పోలేదు. గంజితో పుక్కిలించింది. మచ్చ పోలేదు. చింతపండు నీళ్లతో పుక్కిలించింది. మచ్చ అలాగే ఉంది.

నూకమ్మ కొంగు నడుముకు బిగించింది. "నాను కోటకెల్తన్నాను."

"కోటకా! నిన్ను లోనికి రానిస్తారేటి?"

"రాజు మాటిచ్చాడు. నాను అడగడానికెల్తన్నాను. అడుక్కోడానికి కాదు."

కోటలో వైద్యాధికారి ఉండేవాడు. పట్టు దిండుకు ఆనుకుని కూర్చునేవాడు. నూకమ్మ అతని ముందు నిలబడింది.

"మా రేవుకి వైద్యుణ్ణి పంపుతామన్నారు బాబూ. రానేదు."

"పంపాం. మీరు రాలేదు."

ఈ మాట ఆ కోటలో అందరికీ వచ్చు. కాపలావాడికి వచ్చు. వంటవాడికి వచ్చు. పంజరంలో చిలకకు కూడా నేర్పారు. రాజు ఎప్పుడైనా రేవుల సంగతి అడిగితే ముందుగా చిలకే చెప్పేది: "పంపాం. రాలేదు." రాజు తల ఊపి, నా మాట నిలిచిందనుకుని నిద్రపోయేవాడు.

నూకమ్మ ఆ మాటకు తల ఊపలేదు. "ఏ వేళకి పంపారు బాబూ?" అని అడిగింది.

"ఏ వేళేమిటి, పొద్దున్నే."

"పొద్దున్నే తెప్పలొస్తాయి. చేప దింపకుండా మీకు నోరు సూపిత్తే, ఆ నోట్లోకి సాయంత్రం ఏటి పోద్ది?"

అధికారి దిండు సర్దుకున్నాడు. అప్పటిదాకా వైద్యుణ్ణి అసలు పంపనే లేదు మరి. "సరే, మధ్యాహ్నం పంపుతాం" అన్నాడు.

ఈసారి నిజంగానే పంపాడు. వైద్యుడు వచ్చి, ఆ ఊరి భూములన్నీ ఏలే దొరగారి ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. చేప నీచుతో ఆ అరుగు ఎక్కితే దొరగారి మనుషులు కొట్టి, అరుగు కడిగించేవారు. ఆడవాళ్లు వీధి చివర దాకా వచ్చి, చూసి, వెనక్కి పోయారు. వైద్యుడు మజ్జిగ తాగి, కునుకు తీసి, కోటకు వెళ్లిపోయాడు.

నూకమ్మ రెండోసారి కోటకు నడిచింది.

"పంపాం. రాలేదు" అన్నాడు అధికారి. ఈసారి మరీ ధీమాగా అన్నాడు.

"ఎక్కడ కూకోబెట్టారు బాబూ?"

"గౌరవంగా దొరగారి అరుగు మీద."

"గౌరవం ఎవరికి? ఆయనకా, మాకా?" అంది నూకమ్మ. "మీ పన్నులోడు మా రేవుకి ఎలాగొస్తాడో తెల్సా? తెప్ప ఒడ్డుకి రాకముందే వచ్చి ఇసకలో గొంతుక్కూకుంటాడు. కోటకెల్లాల్సిన చేప ఏదో ఏరుకుని మరీ పోతాడు. ఒక్కనాడు వేళ తప్పనేదు, ఒక్కనాడు దారి తప్పనేదు. పన్నుకి దారి తెలిసిన కోటకి మందుకి దారి తెలీదా?"

పక్కనున్న కాపలావాడు నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగాడు. అధికారి మొహం గంటు పెట్టుకున్నాడు. అయినా వైద్యుణ్ణి ఇసుకలోకి పంపక తప్పలేదు.

వైద్యుడు వచ్చాడు. పడుచువాడు, మంచివాడే. తెప్ప నీడన గోనె పరుచుకుని కూర్చున్నాడు. ఇత్తడి పలక ఒకటి ఎండకు పట్టి, ఆ వెలుగును నోట్లోకి తిప్పి చూస్తానన్నాడు. ఆడవాళ్లు చుట్టూ చేరారు గానీ ఒక్కరూ ముందుకు రాలేదు. పరాయి మగాడి ముందు నోరు బార్లా తెరవడమా? కొంగులు అడ్డం పెట్టుకుని ఒకరినొకరు పొడుచుకున్నారు.

"నువ్వెల్లవే."

"నువ్వెల్లు, నీ నోరు పెద్దది కదా!"

"ఓలమ్మా, నాకు సిగ్గు."

నూకమ్మ వచ్చి గోనె మీద కూర్చుంది. "అసిరమ్మ పాడెక్కినప్పుడు లేని సిగ్గు ఇప్పుడెందుకే మీకు? సూడు నాయనా" అని నోరు తెరిచింది.

వైద్యుడు పలక తిప్పాడు. చూశాడు. చాలాసేపు చూశాడు. వేలితో ఒకచోట నొక్కాడు. నూకమ్మకు అక్కడ నొప్పే తెలియలేదు. అతను పలక కింద పెట్టాడు.

"అమ్మా, నీది ముదిరిపోయింది" అన్నాడు మెల్లగా.

ఇన్నాళ్లూ ఊరందరి నోళ్ల గురించి కోటకు తిరిగింది గానీ, నూకమ్మ తన నోరు చూసుకోలేదు. చూసే వాళ్లు ఉంటే కదా.

నూకమ్మ లేచి కొంగు దులుపుకుంది. "సరే. నాదయిపోనాది. మా కోడల్ది సూడు."

దానమ్మది చూశాడు. "ఇది లేతది. ఇప్పుడు కోసి మందు వేస్తే మానిపోతుంది. ఆలస్యమైతే మానదు. కోట వైద్యశాలకు తీసుకురండి."

ఆ రోజు వాడపాలెం ఆడవాళ్లందరూ నోళ్లు చూపించారు. మచ్చలున్న వాళ్లను వెంటబెట్టుకుని నూకమ్మ మూడోసారి కోటకు నడిచింది. వైద్యశాల తలుపులు తోసి చూస్తే లోపల ధాన్యం బస్తాలున్నాయి. బస్తాల మీద ఎలుకలున్నాయి. మంచం లేదు. మందు లేదు. కోసే వైద్యుడు లేడు.

"చూస్తామన్నాం, చూశాం" అన్నాడు అధికారి. "ఇంకేం కావాలి?"

"సూసి ఏటి సేశారు?" అంది నూకమ్మ. "సచ్చిపోతావని సెప్పడానికి వైద్యుడెందుకు? కాకి సాలదా?"

అధికారికి కోపం వచ్చింది. "నిప్పు నోట్లో పెట్టుకున్నది మీరు! పొగ తాగింది మీరు! మీరు మానకుండా మమ్మల్ని అడుగుతారా?"

ఆ మాటకు ఆడవాళ్లందరూ తలలు దించుకున్నారు. నూకమ్మ ఒక్కతే దించుకోలేదు. నెమ్మదిగా రొంటిన దోపిన చుట్టను తీసింది. కోట గుమ్మం ముందు పెట్టింది. "నిజమే బాబూ. ఇది మా వంతు. మానేశాను" అంది. దానమ్మ తన చుట్ట పెట్టింది. వెనకున్నవాళ్లు పెట్టారు. కబురు రేవు రేవుకూ పోయింది. అన్ని రేవుల ఆడవాళ్లూ వచ్చారు, వచ్చిన ప్రతి మనిషీ చుట్ట తీసి పెట్టింది. గుమ్మం ముందు చుట్టల కుప్ప లేచింది. పడుచుతనం నుంచీ కాల్చిన అలవాటు, ఆకలిని చంపే అలవాటు, చలిలో తోడున్న అలవాటు. మానడం తేలికని ఎవరూ అనుకోకండి. రాత్రుళ్లు నిద్ర పట్టలేదు. తలలు పగిలిపోయాయి. ఒకళ్లనొకళ్లు పట్టుకుని కూర్చున్నారు.

గంపలు మోసేవాళ్లంతా గుమ్మం ముందే కూర్చోవడంతో కోటలోకి చేప పోవడం ఆగిపోయింది. రాజు భోజనానికి కూర్చుంటే పళ్లెంలో వంకాయ కనిపించింది. మర్నాడూ వంకాయే. ఆ మర్నాడూ వంకాయే. చిలక "పంపాం, రాలేదు" అంది. రాజు మొదటిసారి ఆ మాట నమ్మలేదు. లేచి గుమ్మం దగ్గరికి వచ్చాడు. కుప్పను చూశాడు. కుప్ప వెనక కూర్చున్న ఆడవాళ్లను చూశాడు. వాళ్లలో తన దాది పోలిక ఉన్న మొహాలు ఎన్నో ఉన్నాయి.

"ఏమిటమ్మా ఇది?"

"మా వంతు, మారాజా" అంది నూకమ్మ. అప్పటికి ఆమె మాట ముద్దగా వస్తోంది. "మీ వంతు ఎక్కడ?"

రాజు అధికారి వైపు చూశాడు. అధికారి నేల వైపు చూశాడు. "వైద్యశాల తెరిపిస్తాను" అన్నాడు రాజు.

"ఏ రోజు?"

"త్వరలోనే."

"త్వరలోనే అనే తిథి మా పంచాంగంలో లేదు మారాజా. సముద్రం అంత పెద్దది, అది కూడా పోటు ఏ వేళకో సెప్పే వస్తాది. ఏ రోజు?"

రాజుతో అలా మాట్లాడిన మనిషి అంతకుముందు లేదు. కాపలావాళ్లు కర్రలు సవరించుకున్నారు. ఆడవాళ్లు ఒక్క అడుగు ముందుకు జరిగారు. రాజు వేళ్ల మీద తిథులు లెక్కపెట్టాడు. లెక్కపెడితే గానీ తేదీ చెప్పలేనంత తేలిగ్గా ఇచ్చిన మాట అది.

"మాఘ పున్నమి" అన్నాడు చివరికి.

"అందాకా ఇక్కడే ఉంటాం" అంది నూకమ్మ.

ఉన్నారు. బస్తాలు బయటికి వచ్చాయి. మంచాలు లోపలికి పోయాయి. కోసే వైద్యుడు వచ్చాడు. అధికారి పట్టు దిండు వదిలి ఇసుకలో గొంతుక్కూర్చుని పన్ను చేప ఏరే ఉద్యోగానికి పోయాడు. మాఘ పున్నమినాడు వైద్యశాలలో మొదట పడుకున్నది దానమ్మ.

ఆమెకు మానింది. మానాక నూకమ్మ చేపల పులుసు వండింది. ఎర్రగా, మండేలా వండింది. కోడలికి పెట్టి ఎదురుగా కూర్చుంది. తను గంజి కూడా మింగలేని స్థితిలో ఉంది.

"మండుతోందా?" అని సైగ చేసింది.

"మంట లేదత్తా. ఉప్పు తక్కువైనాది" అంది దానమ్మ.

నూకమ్మ నవ్వింది. నవ్వలేని నోటితో నవ్వింది. ఆ తర్వాత కొద్ది రోజులకు పోయింది. ఆమెను మోసింది ఆడవాళ్లే.

నూకమ్మకు గుడి లేదు. ఆమె పేరిట పని ఉంది. ఏటా మాఘ పున్నమినాడు సముద్రస్నానం అయ్యాక రేవుల ఆడవాళ్లు పొద్దుకు ఎదురుగా కూర్చుంటారు. అత్త నోరు కోడలు చూస్తుంది, కోడలి నోరు అత్త చూస్తుంది. మచ్చ కనిపిస్తే ఆ ఇంటి మనిషిని ఒంటరిగా పంపరు, ఊరంతా కదులుతుంది. ఎవరైనా పెద్దమనిషి వచ్చి చేస్తాం, చూస్తాం అంటే పిల్లలు కూడా అరుస్తారు: "ఏ రోజు?"

కథలో రాజుకు దయ ఉండొచ్చు. దయ మీద బతికేవాణ్ణి బిచ్చగాడంటారు, ప్రజ అనరు. వైద్యం దానం కాదు, హక్కు. ఇప్పుడు మాకు రాజులు లేరు, మేం ఎన్నుకున్నవాళ్లున్నారు. నోటి పరీక్షల బండి రేవురేవుకూ వస్తుందని గోడల మీద రాయించారు. పరీక్షలో తేడా ఉంటే వైద్యం మేమే చేయిస్తామని మైకులో చెప్పారు. బండి రాలేదు. అడిగితే జనంలో అవగాహన లేదంటున్నారు. అవగాహన మాకు నూకమ్మ నాటినుంచీ ఉంది. మేం నోళ్లు చూసుకున్నాం. మచ్చలున్నవాళ్ల పేర్లు మాకు తెలుసు, వాళ్లు మా అమ్మలు, మా వదినలు. చూసే మనిషి ఏ రోజు వస్తాడు, ఏ వేళకు వస్తాడు, ఇసుకలో ఎక్కడ కూర్చుంటాడు, చూశాక ఎక్కడ వైద్యం చేస్తారు? త్వరలో అనకండి. ఈ రేవు ఇసుకలోకి వచ్చి, మా ఆడవాళ్ల ముందు నిలబడి జవాబు చెప్పండి. గడువు మార్చి ముప్పై ఒకటి.