సర్కారు కళ్ళు

గెడ్డవలసలో తెలివైన కొంప ఏదని ఎవరినడిగినా తవిటినాయుడి ఇంటివైపే వేలు చూపిస్తారు. చూపించి, మొహం పక్కకి తిప్పుకుని నవ్వుకుంటారు. ఆ నవ్వు కుళ్ళు కొద్దీ వచ్చిందని తవిటినాయుడి పెళ్ళాం పైడమ్మ నమ్మకం.

"ఊళ్ళో వాళ్ళు వినేదొకటి, చేసేదొకటి. మా ఇంట్లో అలాక్కాదు. చెప్పింది చెప్పినట్టు చేస్తాం. వీసం తగ్గం, వీసం పెరగం" అంటుంది.

అబద్ధం కాదు. ఒకసారి పక్కింటి నూకాలు పొయ్యి మీద పాలు పెట్టి, "పైడప్పా, కాస్త ఈ పాలు చూస్తుండు, నీళ్ళు పట్టుకొస్తాను" అని బిందె తీసుకెళ్ళింది. పైడమ్మ పీట వేసుకుని కూర్చుని రెప్ప వాల్చకుండా చూసింది. పాలు పొంగాయి, చూసింది. పొయ్యిలో పడ్డాయి, చూసింది. పొయ్యి ఆరిపోయింది, అదీ చూసింది. నూకాలు వచ్చి నెత్తి బాదుకుంటే, "చూడమన్నావు, చూశాను. నేను చూడకుండా ఒక్క చుక్క కూడా పోలేదు" అని చీర దులుపుకుని లేచి వచ్చేసింది.

అలాంటి తల్లికి, ఆవిడకి ఏమాత్రం తీసిపోని తండ్రికి ఒక్కగానొక్క కొడుకు జోగినాయుడు. మంచి గుంటడు. పరుగుకి దిగితే గాలి వెనకబడాల్సిందే. ఆ ఊళ్ళో ఇంటికొకడు మిలటరీలో ఉన్నాడు. జోగికీ ఊహ తెలిసిన దగ్గర్నుంచి అదొక్కటే కోరిక. వాడి బుర్రలో రెండో కోరికకి చోటు కూడా లేదు. ఉన్న లోటల్లా కళ్ళజోడు. అది తీస్తే ఎదురుగా వచ్చేది ఎద్దో ఎదురింటాయనో వాడికి తెలిసేది కాదు. రెండింటికీ దండం పెట్టి సరిపెట్టుకునేవాడు.

పింఛను పుచ్చుకుని ఊళ్ళో ఉంటున్న హవల్దారు సోంబాబు రోజూ పొద్దున్నే కుర్రాళ్ళని ఇసకలో పరిగెత్తించేవాడు. ఆయనే ఒకనాడు జోగిని ఆపాడు.

"ఒరే, నీ కాళ్ళకేం ఢోకా లేదు. కళ్ళ దగ్గరే వెనక్కి పంపేస్తారు. కళ్ళజోడు లేకుండా గోడ మీది అక్షరాలు కింది వరస దాకా చదవాలి. వచ్చే ఏడాది ఆఖర్ని జరిగే సెలక్షనే నీకు ఆఖరుది, ఆపైన వయసు దాటిపోతాది. ఆ కళ్ళ సంగతేదో చూడు. పొన్నగంటికూర కంటికి మంచిదంటారు, అది పెట్టమను మీ అమ్మని."

ఇంకేముంది. పైడమ్మ ఊరి పక్క పారే గెడ్డ గట్టంతా గాలించి చెంగు నిండా పొన్నగంటికూర కోసుకొచ్చింది. కడిగింది, తరిగింది, ఉడికించింది, ఎండుమిరపకాయలు తుంచి తాలింపు పెట్టింది. కొడుకుని వెల్లకిలా పడుకోబెట్టి, రెండు కళ్ళ మీదా చెరో గరిటెడు కూర వేసి, పైన గుడ్డ కట్టింది.

వాడు పెట్టిన కేకకి వీధి కుక్కలు పొలిమేర దాటిపోయాయి. సోంబాబు పరిగెత్తుకొచ్చాడు.

"ఏటి చెల్లమ్మా ఈ పని?"

"నువ్వే కదన్నయ్యా కంటికి పెట్టమన్నావు."

"కంటికి మంచిదంటే తినిపించమని, తల్లీ."

"నోట్లో పెడితే నోటికి మంచిది. కంటికి మంచిది కావాలంటే కంట్లోనే పెట్టాలి. చుట్టు తిప్పడం దేనికని నేరుగా పెట్టాను."

"నేరుగానే పెట్టావు సరే, మిరపకాయలు దేనికి?"

"తాలింపు లేకపోతే అది కూరెలా అవుతాది?"

 సోంబాబు జోగి మొహం కడిగించి, ముగ్గుర్నీ వెంటబెట్టుకుని టౌన్లో కళ్ళాసుపత్రికి బయల్దేరాడు.

డాక్టరమ్మ వాడి కళ్ళు కడిగింది, చుక్కలు వేసింది, చాలాసేపు నవ్వాపుకుంది. అదృష్టం బాగుండి కళ్ళకేమీ కాలేదు. "చూపు సరిచేసే ఆపరేషనుంది. ఇరవై ఏళ్ళు నిండాయి కనక చెయ్యొచ్చు. కానీ మిలటరీ వాళ్ళు ఆపరేషనయ్యాక ఏడాది గడవందే చూడరు. చూసినా అన్ని పరీక్షలూ పెట్టి, నచ్చితేనే తీసుకుంటారు. చేయించుకునేదుంటే ఇప్పుడే చేయించుకోండి" అంది.

"ఏం చేస్తారమ్మా?" అన్నాడు తవిటినాయుడు.

"లేజరుతో కంటి పైపొర కొంచెం సవరిస్తాం. అంతే."

"పైపొర పలచబడితే లోపలి కన్ను చలికి ఓర్చుకుంటాదా?"

"ఓర్చుకుంటుందండీ. మీరే బయటికెళ్ళి కాస్త ఓర్చుకోండి."

అలా ఆపరేషనైపోయింది. మర్నాడు కట్టు తీసేసరికి జోగి లోకమంతా కొత్తగా చూశాడు. మొదట తల్లిని చూశాడు.

"అమ్మా, నీ ముక్కు ఇంత పెద్దదేటి?"

"చూపు చేయించి పెడితే ముందు నా ముక్కునే చూశావురా, దరిద్రుడా" అంది పైడమ్మ. అన్నదే గానీ ఆవిడ కళ్ళు చెమర్చాయి.

డాక్టరమ్మ పంపించేటప్పుడు మరీమరీ చెప్పింది. కొన్నాళ్ళు కళ్ళు నలపకూడదు, కంట్లో నీళ్ళు పడనివ్వకూడదు. ఏ నీళ్ళో ఆవిడ విడమరిచి చెప్పలేదు. కాబట్టి అన్ని నీళ్ళూ లెక్కలోకే వస్తాయని పైడమ్మ తేల్చేసింది. నూతి నీళ్ళూ నీళ్ళే, కన్నీళ్ళూ నీళ్ళే. వాడు ఏడవకూడదు. ఇంట్లో ఉల్లిపాయ తరగడం మానేసింది. పగలబడి నవ్వినా నీళ్ళొస్తాయని వాడి ముందు ఎవర్నీ సరదా మాట ఆడనిచ్చేది కాదు. చూడ్డానికొచ్చిన చుట్టాలు చావుకొచ్చినట్టు కూర్చుని, కాఫీ తాగి, చప్పుడు చెయ్యకుండా లేచి పోయేవారు.

అంతా బాగానే జరుగుతోందనగా జోగి ప్రాణంగా పెంచుకున్న కోడిపుంజు ఆటో కింద పడింది. ఆ మాట దాచిపెడదామని తవిటినాయుడు అన్నాడు. "నిజం దాచమని డాక్టరమ్మ చెప్పిందా? చెప్పలేదు. చెప్పనిది మనం చెయ్యం" అని పైడమ్మ కొడుకు దగ్గరికెళ్ళి, వాడు ఏడవకుండా వీలైనంత హుషారుగా, "జోగీ, మన పుంజు చచ్చిపోయిందిరా, ఎంత చక్కగా చచ్చిపోయిందో" అంది.

 జోగి కంటి కొసల్లో తడి మెరిసింది.

"ఏమండీ, నీళ్ళొచ్చేస్తున్నాయి" అంది పైడమ్మ.

"తలకిందులుగా పట్టుకో. నీళ్ళు కంట్లో పడకుండా నుదుటి మీదికి జారిపోతాయి" అన్నాడు తవిటినాయుడు.

అంతే. ఇద్దరూ కలిసి కొడుకుని పశువులశాలకి మోసుకెళ్ళి, కాళ్ళకి తాడు కట్టి, దూలానికి వేలాడదీశారు. కొడుకు గబ్బిలంలా ఊగుతూ పుంజు కోసం ఏడుస్తుంటే, తల్లి కింద కూర్చుని చెంగుతో వాడి నుదురు తుడుస్తోంది. పక్కన గేదె బిత్తరపోయి చూస్తోంది.

ఆ సమయానికి సోంబాబు పరామర్శకి వచ్చాడు కాబట్టి సరిపోయింది. ఆయన ఏమీ అడగలేదు. అడిగితే జవాబు చెప్తారని భయం. తాడు కోసి, జోగిని భుజాన వేసుకుని తనింటికి తీసుకుపోయి, కళ్ళు మానేదాకా అక్కడే ఉంచుకున్నాడు. లేకపోతే జోగి మిలటరీ ముచ్చట ఆ దూలానికే వేలాడేది.

ఏడాది గడిచింది. సెలక్షన్లు వచ్చాయి. సోంబాబుకి కూతురి పురిటికి వెళ్ళాల్సొచ్చి, ప్రయాణానికి ముందు జోగిని పిలిచాడు. "ఒరే, ఇదే నీకు ఆఖరి అవకాశం. ఇది పోతే మళ్ళీ రాదు. అక్కడ ఏం చెప్తే అది చెయ్యి. సొంత తెలివి మాత్రం వాడకు" అన్నాడు.

పైడమ్మ మురిసిపోయింది. "చూశావా, మన తెలివి బయటపెడితే మిగతా పిల్లలు చిన్నబుచ్చుకుంటారని అన్నయ్య బాధ" అంది.

ముగ్గురూ టౌను చేరారు. పరుగులో జోగి అందరికంటే ముందొచ్చాడు. తాడెక్కాడు, కందకం దూకాడు. మిగిలింది డాక్టరు పరీక్ష. తల్లీ తండ్రీ గేటు బయట కూర్చున్నారు. లోపల డాక్టరు తెలుగాయనే. అది వీళ్ళ అదృష్టం, ఆయన ఖర్మ.

కుర్రాళ్ళందరినీ చెడ్డీల మీద నిలబెట్టారు. డాక్టరు జోగి ఆపరేషను కాయితాలు చూశాడు, కళ్ళలోకి లైటు వేసి చూశాడు. ఎడమ కన్ను అరచేత్తో మూసుకుని చదవమన్నాడు. జోగి గడగడా చదివేశాడు.

"కుడి కన్ను బాగుంది" అంటూ డాక్టరు ఏదో రాసుకునేంతలో కరెంటు పోయింది. ఎంతసేపు చూసినా రాలేదు. "ఎడమది రేపు చూస్తాను. పొద్దున్నే ఇలాగే వచ్చెయ్" అన్నాడు.

ఇంకేముంది. జోగి ఎలా ఉన్నాడో అలాగే బయటికొచ్చాడు. ఒంటి మీద చెడ్డీ, ఎడమ కంటి మీద అరచెయ్యి.

"బట్టలేవిరా?" అంది పైడమ్మ.

"లోపలే ఉన్నాయి. ఇలాగే రమ్మన్నారు."

"మరా చెయ్యి?"

"అప్పుడు ఇలాగే ఉన్నాను కదమ్మా."

పైడమ్మకి కొడుకు మీద గౌరవం పెరిగింది. సత్రంలో తనే అన్నం కలిపి పెట్టింది. నిద్రలో చెయ్యి జారిపోకుండా తువ్వాలుతో తలకి బిగించి కట్టింది. తెల్లారి ముగ్గురూ బజారు మధ్యలోంచి నడిచారు. ఇడ్లీ బండి దగ్గర తినేవాళ్ళు తినడం మానేశారు. పోలీసాయన అడ్డొచ్చి ఇదేం వేషమన్నాడు.

"మిలటరీ ఆర్డరు బాబూ. చాతనైతే నువ్వూ ఇలా నడిచి చూడు" అంది పైడమ్మ. ఆయన పక్కకి తప్పుకున్నాడు.

డాక్టరు జోగిని చూసి కుర్చీలో వెనక్కి వాలాడు. చెయ్యి తియ్యమన్నాడు. రాత్రంతా అదిమి ఉంచిన కన్ను ఎర్రగా ఉబ్బి ఉంది.

"ఏం కనిపిస్తోంది?"

"చెయ్యి తీసినా చెయ్యే కనిపిస్తోందండి."

"ఎవరు మూసుకోమన్నారు?"

"మీరేనండి."

డాక్టరు పెన్ను కాయితం మీదికి వెళ్ళింది. అక్కడ ఒక్క గీత పడితే జోగి జన్మంతా గెడ్డవలసలో గేదెల్ని తోలుకోవాల్సిందే. పెన్ను ఆగింది. "ఆ బెంచీ మీద కూర్చో. ఆ కంటి జోలికెళ్ళావంటే ఊరుకోను" అన్నాడు ఆయన.

జోగి చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. మిగతా అందరి పరీక్షలూ అయ్యేసరికి కన్ను తేరుకుంది. మళ్ళీ నిలబెడితే ఆఖరి వరస చదివాడు. దాని కింద సన్నగా వేసున్న ప్రెస్సు పేరు కూడా చదివాడు. గోడ మీద బల్లి పొలుసులు కూడా చెప్పబోతుంటే డాక్టరే ఆపాడు.

"చాలు. పాసయ్యావు. ఇవాళ్టి నుంచి ఈ కళ్ళు నీవి కావు, సర్కారువి. చేరే రోజున నా దగ్గరికి క్షేమంగా తీసుకురా" అని నవ్వి భుజం తట్టాడు.

అంతే. జోగి అక్కడికక్కడే రెండు కళ్ళూ మూసేశాడు. తలుపు తడుముకుంటూ, గోడ తడుముకుంటూ, పూలకుండీని తన్నుకుంటూ గేటు దగ్గరికొచ్చాడు.

"పాసయ్యానమ్మా. కళ్ళు సర్కారువైపోయాయి. సొంత పనికి వాడితే తప్పు."

"ఒట్టి రెప్పలు చాలవు, నిద్రలో తెరుచుకుంటాయి" అన్నాడు తవిటినాయుడు. ఎన్నికలప్పుడు బళ్ళో ఓట్ల పెట్టెలకి కాపలా కాసిన మనిషి, సర్కారు సొత్తు సంగతి ఆయనకి తెలుసు. కొడుకు కళ్ళకి నల్లగుడ్డ చుట్టి, తల వెనక ముడి వేసి, ముడి మీద లక్క కరిగించి తన ఉంగరంతో ముద్ర వేశాడు.

ఇంటికొచ్చాక జోగి గుమ్మానికి తల కొట్టుకున్నాడు, కుడితి గోలెంలో పడ్డాడు, అమ్మనుకుని గేదెని అన్నం పెట్టమని అడిగాడు. గుడ్డ మాత్రం విప్పనివ్వలేదు. అడ్డుపడదామంటే సోంబాబు ఇంకా కూతురి ఊరి నుంచి రాలేదు. నూకాలు గోడ మీంచి తొంగి చూసింది.

"అయ్యో పైడప్పా, ఆపరేషను చెడిపోయిందేటి?"

"చెడిపోవడానికేం, నిక్షేపంలా ఉన్నాయి. సర్కారు కళ్ళు ఇంట్లో వాడుకోమంటావా? నువ్వైతే బడి బల్ల తెచ్చి కోళ్ళగూడు చేసుకున్నావు. మా ఇంట్లో అలాంటి బుద్ధులు లేవు" అంది పైడమ్మ. నూకాలు తల కిందికి దింపేసుకుంది.

చేరే రోజు వచ్చింది. తల్లి ఒక రెక్కా తండ్రి ఒక రెక్కా పట్టుకుని నడిపిస్తే జోగి గేటు దగ్గరున్న డాక్టరు ముందుకెళ్ళి నిలబడ్డాడు. ముందుకే గానీ, పక్కనున్న మంచినీళ్ళ డ్రమ్ముకి సెల్యూట్ కొట్టాడు. పైడమ్మ వాణ్ణి కాస్త ఇటు తిప్పింది.

"సార్, మీ కళ్ళు తెచ్చానండి. ఆ రోజు నుంచి ఒక్కసారి కూడా వాడలేదు. సీలు చూసుకోండి."

డాక్టరు సీలు చూశాడు. తర్వాత ఆకాశం వైపు చూశాడు. ముడి తానే కోసి, జోగి వెలుతురుకి అలవాటు పడేదాకా ఆగి, దూరంగా మైదానం అవతలున్న బోర్డు చూపించాడు.

"చదువు."

"వాడమంటారాండి?"

"వాడు."

జోగి ఒక్క అక్షరం తప్పకుండా చదివాడు. డాక్టరు గుండెల్లోంచి ఊపిరి వదిలి, "లోపలికి నడు" అన్నాడు. జోగి కళ్ళు తెరుచుకునే నడిచాడు, గేటు దాటాడు, కుర్రాళ్ళ వరసలో కలిసిపోయాడు. వాడు చిన్నప్పటి నుంచి కోరుకున్నది జరిగిపోయింది. పైడమ్మ వాడి వీపు కనిపించినంతసేపూ చూసి డాక్టరు వైపు తిరిగింది.

"బాబూ, ఒక్క మాట. బట్టలిస్తారంట, బూట్లిస్తారంట, బాగుంది. సెలవుకి ఇంటికొచ్చేటప్పుడు ఈ కళ్ళు ఇక్కడే అప్పజెప్పి రావాలి కదా. ఇంటి దగ్గర వాడు దేంతో చూస్తాడు?"

డాక్టరుకి అప్పటికే ఓపికైపోయింది. "ఇంటి దగ్గర మీ కళ్ళున్నాయి కదమ్మా, వాడికవి చాలు" అని లోపలికెళ్ళిపోయాడు.

పైడమ్మ మొగుడి మొహం చూసింది. మొగుడు పైడమ్మ మొహం చూశాడు.

"విన్నారా? ఇకనుంచి మన కళ్ళు వాడివి. ఇప్పట్నుంచే పొదుపుగా ఉంచకపోతే వాడు సెలవుకొచ్చేసరికి అరిగిపోతాయి."

అంతే. ఇద్దరూ గట్టిగా కళ్ళు మూసుకున్నారు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, చప్పుడు వినిపించిన వైపు నడిచి, చేతికి తగిలిన బస్సెక్కి, ఎవరి ఒళ్ళోనో కూర్చుని, తిట్లు తిని పక్కకి జరిగారు.

"ఎక్కడికమ్మా?" అన్నాడు కండక్టరు.

"గెడ్డవలస."

"ఇది బరంపురం బస్సు. బోర్డు కనిపించలేదా? కళ్ళు తెరిచి చూసుకుని ఎక్కద్దా?"

"మా కళ్ళు మా అబ్బాయికి దాచిపెట్టాం బాబూ, తెరవం" అంది పైడమ్మ, సీటులో సర్దుకుని కూర్చుంటూ. "నీ కళ్ళు బాగానే ఉన్నాయి కదా. గెడ్డవలస ఎక్కడుందో నువ్వే చూసి దింపు."

బస్సు బరంపురం వైపు తిరిగింది.